క్రోషియా పూలకుండీ: కుట్ల లెక్క, కూలి లెక్క

(మన సంస్థ తరఫున నడిచిన మహిళల అల్లిక శిక్షణ తరగతి ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



 తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. నా తెలుగు సగం బజారులో, సగం దినపత్రికలో నేర్చుకున్నది. ఎక్కడైనా తడబడితే పెద్దమనసుతో సర్దుకోగలరని మనవి.

అల్లికల సభలో లెక్కల మాస్టరుకేం పని అని కొందరైనా అనుకుంటూ ఉంటారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. అయితే ఈ మూడు నెలల్లో ఆ మేజా మీదున్న వస్తువు నాకు చాలా లెక్కలు నేర్పింది. కనబడటం లేదేమో, కొంచెం పైకెత్తి చూపిస్తాను. ఇది పూలకుండీ. మట్టి లేదు, నీళ్ళు అక్కరలేదు. కుండీ ఊలుది, కాడ ఊలుది, ఆకులు, రేకులు అన్నీ ఊలువే. లోపల పాలిస్టరు దూది కూరారు. అడుగున గుడ్డసంచిలో నాలుగు గులకరాళ్ళు వేసి కుట్టారు, ఫ్యాను గాలికి బోర్లా పడకుండా. ఇలా ఊలుతో బొమ్మ అల్లి దూది కూరే పనిని జపాను వాళ్ళు అమిగురుమి అంటారు. ఆ మాటలోనే అల్లికా ఉంది, దూది బొమ్మా ఉంది.

ఎలుగుబంట్లు, కుందేళ్ళు కాక పూలకుండీయే ఎందుకని ఒక అమ్మాయి అడిగింది. బొమ్మల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి, ఆ చర్చ నా తాహతుకు మించింది. పువ్వు దగ్గర మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు గనుక మన పెద్దలు పువ్వే ఖాయం చేశారు. నన్నడిగితే మంచిదే అయింది. ఎలుగుబంటి చెవి వంకర పోతే వెంటనే తెలిసిపోతుంది. పువ్వు వంకరగా ఉన్నా పువ్వే.

ఇక పనిలోకి వస్తాను. క్రోషియా అనే మాట ఫ్రెంచి వాళ్ళది, చిన్న కొక్కెం అని అర్థం. ఒకే సూది, దాని కొసన కొక్కెం, ఒకే దారం. స్వెట్టరు అల్లికలో సూది మీద వందల ఉచ్చులు బారులు తీరి ఉంటాయి. ఇక్కడ సూది మీద ఉండేది ఒక్క ఉచ్చు. దాన్ని దింపితేగాని ఇంకొకటి రాదు. అందువల్ల ఏ కుట్టుకా కుట్టు విడిగా లెక్కకు వస్తుంది.

ఈ కుండీని అడుగు నుంచి మొదలుపెడతారు. దారాన్ని వేలికి చుట్టి, లాగితే బిగుసుకునే వలయం చేసి, అందులో 6 పొట్టి కుట్లు వేస్తారు. రెండో వరసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, అంటే 12. మూడో వరసలో 18, నాలుగులో 24, ఐదులో 30, ఆరులో 36. వరసకు ఆరు చొప్పున పెంచుతూ పోతే బిళ్ళ చదునుగా, రొట్టెలాగా వస్తుంది. ఆ తర్వాత పెంచడం మానేసి 36 మీదే తిరుగుతూ పోతే గోడ లేస్తుంది. గోడ మొదలయ్యే వరసలో మాత్రం కుట్టు వెనుక పోగులోనే సూది గుచ్చాలి, అప్పుడే అంచు కుండీ అంచులా పదునుగా తిరుగుతుంది. ఎన్నో వరసలో ఉన్నామో మర్చిపోకుండా ప్రతి వరస మొదటి కుట్టుకు పిన్నీసు పెట్టుకోవాలి. మన ఆపా మొదటి రోజే చెప్పారట: పిన్నీసు పెట్టనివాళ్ళు వరస విప్పుకునేవాళ్ళని.

మఖ్మలు ఊలుతో కొత్తవాళ్ళు మొదలెట్టకూడదు. చూడటానికి ముద్దుగా ఉంటుంది గాని దాని నూగులో కుట్టు కంటికి కనబడదు, వేలితో తడిమి లెక్కపెట్టాలి. రెండుసార్లు విప్పితే నూగు రాలిపోయి తాడులా మిగులుతుంది. మామూలు ఊలు, అదీ లేతరంగుది, దానితో రెండు కుండీలు చేశాక మఖ్మలు పట్టుకోవడం మంచిది. కాడలో తీగ పెట్టేవాళ్ళు రెండు కొసలూ మడిచి పెట్టాలి. చిన్నపిల్లలున్న ఇంటికిచ్చే కుండీలో తీగ వద్దే వద్దు. ఇంకొక చిక్కు కూడా ఉంది. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనే కుట్టును ఇంగ్లండు వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. ఏ దేశపు కాగితమో చూసుకోకుండా మొదలెడితే కుండీ కావలసింది గంప అవుతుంది. మన తరగతిలో ఒక గంప అయింది కూడా. అది ఎవరిదో నేను చెప్పను.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మ టోపీలు అల్లేది. తెల్లని నూలుదారం, సన్నని ఉక్కు సూది. నా చిన్నప్పుడు, 1980ల చివర్లో, రంజాన్‌కు రెండు నెలల ముందు నుంచే మా ఇంట్లో దారపుండలు దొర్లుతూ ఉండేవి. ఆమె నడినెత్తి నుంచి మొదలుపెట్టేది, వలయంలో 12 కుట్లు వేసి. ఈ అమ్మాయిలేమో 6తో మొదలెడుతున్నారు. అమ్మ 12 ఎందుకు వేసేది, వీళ్ళు 6 ఎందుకు వేస్తున్నారు అనే సందేహం నన్ను రెండు రోజులు పట్టి పీడించింది. నిద్రలో కూడా అదే.

జవాబు దొరికింది మా ఎనిమిదో తరగతి పాఠంలోనే. దాయిరా, నిస్ఫ్ ఖుతర్, ముహీత్ అని నేను ఏటా బోర్డు మీద రాసే పాఠం. తెలుగులో చెప్పాలంటే వృత్తం, వ్యాసార్ధం, పరిధి. వ్యాసార్ధం ఒక పాలు పెరిగితే పరిధి 2 రెట్ల 22/7 పాళ్ళు, అంటే 6 మీద కొంచెం చిల్లర పెరుగుతుంది. పొట్టి కుట్టు ఎంత ఎత్తో దాదాపు అంతే వెడల్పు. అందువల్ల ఒక వరస ఎక్కితే చుట్టూ 6 కుట్లు ఎక్కువ కావాలి. ఆ చిల్లరను ఊలు సాగి సర్దుకుంటుంది. టోపీకి వాడేది పొడుగు కుట్టు, వెడల్పుకు సుమారు రెండింతల ఎత్తు, కాబట్టి 12. మా అమ్మ బడి గడప తొక్కలేదు. కాని ఈ సూత్రాన్ని ముప్పై ఏళ్ళు తప్పకుండా పాటించింది. నేనేమో పట్టా పుచ్చుకుని పదిహేనేళ్ళు చెప్పినా పిల్లలకు ఎక్కించలేకపోయాను.

కిందటి నెలలో ఒక ఊలు బిళ్ళను తరగతికి పట్టుకెళ్ళాను. ఇక్కడ శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి చెల్లెలు నా తరగతిలోనే చదువుతోంది. వరసకు ఆరే ఎందుకో చెప్పగలరా అని అడిగితే ఆ పిల్ల లేచి, "సార్, ఐదు వేస్తే గిన్నె అవుతుంది, ఎనిమిది వేస్తే అంచు గజిబిజిగా ముడుచుకుంటుంది, అక్క రెండూ చేసి విప్పేసింది" అని చెప్పింది. అంతకంటే మంచి పాఠం నా వల్ల కాదు. అప్పుడే మరొకటి కూడా గమనించాం. ఆరు పెంపులూ ప్రతి వరసలో ఒకదాని నెత్తిన ఒకటి పడితే బిళ్ళ గుండ్రంగా రాదు, షడ్భుజి అవుతుంది. ఉర్దూలో షడ్భుజిని ముసద్దస్ అంటారు. ఆరేసి పాదాల పద్యాన్నీ ముసద్దస్ అనే అంటారు. అలా కాకూడదంటే వరస వరసకూ పెంపుల చోటు జరపాలి.

ఎక్కువ వేస్తే ముడుచుకుంటుందని ఆ పిల్ల చెప్పింది చిన్న సంగతి కాదు. డైనా తైమిన్యా అనే గణిత శాస్త్రజ్ఞురాలు, లాట్వియా దేశంలో పుట్టి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసినావిడ, 1997లో సరిగ్గా ఇదే చేసింది. కుట్లను ఒక నిష్పత్తి ప్రకారం పెంచుతూ పోయి, కాగితంతో చేస్తే ఊరికే చిరిగిపోతున్న ఒక వంపుతలాన్ని క్రోషియాతో చేసి విద్యార్థుల చేతుల్లో పెట్టింది. ఈ పువ్వు రేకు అంచున ఉన్న అలలు ఆ కుటుంబానివే. అల్లిక ఆడవాళ్ళ కాలక్షేపం అనేవాళ్ళు కొంచెం ఆగి ఆలోచించాలి.

అన్నట్టు, టోపీని తిరగేస్తే కుండీ. నడినెత్తి కుండీ అడుగవుతుంది, చెవుల పట్టీ కుండీ గోడవుతుంది. మన ఇళ్ళలో టోపీ అల్లడం వచ్చిన ముసలమ్మలు ఇంకా ఉన్నారు. కుండీ వాళ్ళకు ఒక పూట పని. వాళ్ళనూ పిలవవలసిందని సంస్థ వారికి నా మనవి.

కాలక్షేపం అనే మాట వచ్చింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. మా అమ్మ పనిని ఇంట్లో అందరం ఫుర్సత్ పని అనేవాళ్ళం. తీరిక వేళ పని అని. అమ్మకు తీరిక ఎప్పుడుండేదో నాకిప్పటికీ తెలియదు. ఇషా నమాజు అయ్యాక, గిన్నెలు తోమి, మమ్మల్ని పడుకోబెట్టి, ఆ తర్వాత దీపం దగ్గర కూర్చునేది. డజను లెక్కన ఒకాయన తీసుకెళ్ళేవాడు. డజనులో రెండు మూడింటికి వంక పెట్టి పక్కన పెట్టేవాడు. వంకపెట్టినవాటికి డబ్బులుండేవి కావు, అలాగని వాటిని తిరిగిచ్చేవాడూ కాదు. డజనుకు ఎంత వస్తుందో అమ్మకు తెలుసు. గంటకు ఎంత వస్తుందో ఆమె ఎన్నడూ లెక్క చూడలేదు. ఆమె కొడుకు లెక్కల మాస్టరయ్యాక కూడా చూడలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ నాకు తోచలేదు.

ఈ లెక్క చూసినావిడ ఒకరున్నారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతపు లేసు మీకందరికీ తెలిసిందే. పశ్చిమ గోదావరిలో ఇల్లిల్లూ క్రోషియాతో లేసు అల్లుతారు. క్రైస్తవ మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన పని, విదేశాలకు పోయే సరుకు. 1970లలో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికొచ్చి, ఆ ఇళ్ళలో కూర్చుని చూసి, 1982లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. ఇంటిచాకిరీ అంతా చేసుకుంటూ ఆ స్త్రీలు రోజుకు ఆరేడు గంటల పైన లేసు మీద కూర్చుంటున్నారని, అయినా అందరూ దాన్ని తీరిక వేళ పనే అంటున్నారని, వాళ్ళు కార్మికులుగా ఏ లెక్కలోకీ రావడం లేదని, గృహిణులుగానే ఉండిపోతున్నారని ఆమె రాసింది. లాభం ఎగుమతిదారులకు, దళారులకు పోతున్నదని కూడా రాసింది. ఆ సంగతి చదువుతుంటే నాకు మా ఇంటి దీపం గుర్తుకొచ్చింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించదగిన విషయమే. పేరుకు రక్షణ దొరికింది. చేతికి ఎంత దొరుకుతుందన్నది వేరే లెక్క.

ఐర్లండు కథ కూడా ఇలాంటిదే, క్లుప్తంగా చెబుతాను. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఏళ్ళ తరబడి ఘోరమైన కరువు వచ్చింది. సన్యాసినుల మఠాలలో పేద స్త్రీలకు క్రోషియా నేర్పారు. లావుదారం మీద కుట్లు వేసి, గులాబీలు ఉబ్బెత్తుగా లేచేట్టు అల్లేవారు. ఈ కుండీలో పువ్వు రేకుల మీద రేకులుగా లేచి నిలబడుతున్నదే, ఆ ఉపాయం ఆ కరువు నాటి గులాబీలలో ఉంది. ఎన్నో కుటుంబాలు ఆ పూల మీద బతికాయి.

ఇంకొక్క సంగతి. బట్ట నేసే యంత్రాలున్నాయి, స్వెట్టర్లల్లే యంత్రాలున్నాయి, లేసు లాంటిది తీసే యంత్రాలూ ఉన్నాయి. అసలు క్రోషియా కుట్టును మనిషి వేసినట్టే వేసి గుట్టలుగా సరుకు తీసే యంత్రం మాత్రం ఫ్యాక్టరీల్లో వాడుకలో లేదు. కాబట్టి నిజమైన క్రోషియా వస్తువు ఎంత చవగ్గా కనబడినా సరే, ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. అది అంత చవగ్గా ఎలా వచ్చిందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు మన కుండీ లెక్క. నేను గడియారం పెట్టుకుని కూర్చున్నాను, అమ్మాయిలు నవ్వుకున్నారు, ఫరవాలేదు. అడుగు బిళ్ళ 126 కుట్లు. గోడ 9 వరసలు, వరసకు 36, మొత్తం 324. మట్టి కనబడాలి గనుక పైన గోధుమరంగు బిళ్ళ, మళ్ళీ 126. అంచు పట్టీ 72. కాడ 160. పువ్వు నడుమ బిళ్ళలు రెండూ కలిపి 72, రేకులు ఆరు, రేకుకు 45 చొప్పున 270. ఆకులు రెండూ 60. వెరసి 1210 కుట్లు. చెయ్యి తిరిగిన అమ్మాయి నిమిషానికి 15 వేస్తోంది. కుట్లకే గంటా ఇరవై నిమిషాలు. లెక్క తప్పి విప్పుకోవడం, రంగు మార్చడం, దూది కూరడం, రేకులు కుట్టడం, దారపు కొసలు లోపలికి దోపడం, ఇవన్నీ కలిపితే ఒక్క కుండీకి 3 గంటల 10 నిమిషాలు పట్టింది. ఊలు, దూది, తీగ కలిపి 60 రూపాయల ఖర్చు.

ఒక వ్యాపారి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. 200 కుండీలు కావాలన్నారు. ఒక్కొక్కటి 90 రూపాయలు, ఊలు మనదే. తరగతిలో సంబరమే సంబరం. 18 వేల రూపాయల సరుకు అని అందరి నోటా అదే మాట. నేను చాక్‌పీసు పట్టుకున్నాను. 90లో 60 ఊలుకు పోతే 30. ఆ ముప్పై 3 గంటల 10 నిమిషాలకు. గంటకు పది రూపాయలు కూడా రావు. మొత్తం 200 కుండీల మీద చేతికి వచ్చేది 6,000 రూపాయలు, పట్టేది 633 గంటలు.

మరి మన సంతలోనో, పెళ్ళిళ్ళ సీజనులోనో 220 చొప్పున అమ్మితే? అంత పెట్టి ఎవరు కొంటారంటారు. నిజమే, 200 అమ్ముడుపోవు. 40 పోయాయనుకోండి. ఒక్కొక్కదానికి 160 మిగులుతుంది, 40కి 6,400. పట్టే కాలం 127 గంటలు. కుండీలు ఐదో వంతు, గంటలు ఐదో వంతు, డబ్బు మాత్రం ఇంకా 400 ఎక్కువ. నేను ఇందులో ఏ కనికట్టూ చేయలేదు, కావాలంటే ఇంటికెళ్ళి మళ్ళీ కట్టి చూసుకోండి. ఆ 40 కూడా పోతాయన్న హామీ నేనివ్వలేను. 25 పోయినా గంటకు వచ్చేది మారదు, మిగిలిన వేళ మనది.

ఆ 633 గంటలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా ఆలోచించాలి. ఆకాశం నుంచి ఊడిపడవు. తొమ్మిదో తరగతి, పదో తరగతి చదివే పిల్లల సాయంత్రాల నుంచి వస్తాయి. ఒక తల్లి నా దగ్గరికొచ్చి, "మాస్టరుగారూ, పిల్ల చేతికి పని వచ్చింది కదా, ఇంకా బడి ఎందుకు?" అని అడిగింది. ఆమెను తప్పు పట్టను, ఆమె ఇంటి పరిస్థితి నాకు తెలుసు. అమ్మా, చేతికి పని వచ్చింది నిజమే, కాని గంటకు తొమ్మిదిన్నర రూపాయల పని అని చెప్పాను. ఆ పిల్ల ఇంకా బడికి వస్తోంది. ఎన్నాళ్ళొస్తుందో చెప్పలేను. ఆ ఆర్డరు ఒప్పుకుంటే మాత్రం రాదు.

చేతిపని మన దీన్‌లో చిన్నతనం కాదు. విశ్వాసుల మాత హజ్రత్ ఖదీజా (ర.అ.) వ్యాపారం చేశారు. మరొక విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బింత్ జహష్ (ర.అ.) తోలు పని స్వయంగా చేసి, వచ్చిన సొమ్ము దానం చేసేవారు. దానం చేయాలన్నా సొమ్ము ముందు తమ చేతికి రావాలి కదా. కూలి ఇవ్వడంలో ఆలస్యం చేయవద్దన్న ప్రవక్త (స.అ.స.) వారి ఆదేశాన్ని మనం ప్రతి సభలోనూ తలుచుకుంటాం. అది మన సంస్థ అమ్మకాల బల్లకూ వర్తిస్తుంది. కుండీ అమ్మిన రోజే అల్లిన అమ్మాయికి డబ్బు ముట్టాలి. కమిటీ సమావేశం దాకా ఆగకూడదు. వంకపెట్టిన కుండీ ఉంటే అల్లినవాళ్ళకే తిరిగివ్వాలి. ఈ రెండూ తీర్మానంలో రాయవలసిందిగా సభాధ్యక్షుల వారిని వినయంగా కోరుతున్నాను.

వ్యాపారికి జవాబు ఎల్లుండి లోపు చెప్పాలట. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన లెక్క ఆయన చూసుకున్నాడు. నిర్ణయం కమిటీది కాదు, నాది అంతకంటే కాదు, అల్లేవాళ్ళది. 150 ఇస్తే ఆలోచిస్తామని చెప్పవచ్చు, 30 కుండీలే ఇస్తామనీ చెప్పవచ్చు. వద్దనీ చెప్పవచ్చు. ఏది చెప్పినా గంటల లెక్క చూసుకుని చెప్పండి.

అందుకోసమే చిన్న నోటుపుస్తకాలు 32 తెచ్చాను, తలా ఒకటి. మొదటి పేజీలో గీతలు నేనే గీశాను. తేదీ, కూర్చున్న వేళ, లేచిన వేళ, ఎన్ని వరసలు, ఊలు ఖర్చు, చేతికొచ్చిన సొమ్ము. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. సర్టిఫికెట్లతో పాటు అధ్యక్షులవారి చేతుల మీదుగా ఇప్పుడే పంచుతారు. మా అమ్మ వాడిన సూది కూడా ఇక్కడికి తెచ్చాను, ముసలమ్మల తరగతి ఎప్పుడు మొదలైతే అప్పుడు ఆపాకు ఇస్తాను.

వస్సలాం.